ఇంక్యుబేటర్‌లో ఖాళీ అర

ఇంక్యుబేటర్‌లో ఒక అర ఖాళీగా ఉంది. పొద్దున అక్కడున్న అరచేతంత గాజు డిష్ లేదు.

ఇన్‌స్పెక్టర్ ల్యాబ్ తలుపు గడియ వేశాడు. కిటికీ లేని గది. లోపల డాక్టర్, ల్యాబ్‌లోనే పనిచేసే ఆయన వదిన, మిషన్లు చూసే మెకానిక్.

"డిష్ దొరికేదాకా ఎవరూ కదలరు. అందులో ఏముంది?"

"స్టెమ్‌సెల్స్‌తో పెంచిన పిండం నమూనాలు," అన్నాడు డాక్టర్. "అసలు పిండాలు కావు. బిడ్డలు కాలేవు. కడుపులో మొదట్లో ఏం జరుగుతుందో చూడ్డానికి పెంచాం. గడువు ఇవాళ్టితో సరి, ఫార్మలిన్ పోసి పెరగకుండా ఆపెయ్యాలి. రూలు తప్పితే ల్యాబ్‌కి తాళమే."

"ఎవరి కణాలు?"

"దాత వివరాలు చెప్పకూడదు సార్."

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు తిరిగాడు. "పొద్దున డాక్టర్‌తో గొడవపడ్డావట?"

"తిట్టారని ఎత్తుకుపోతానా? దాన్నేం కూరొండుకుంటానా సార్?"

"ఎన్నున్నాయి అందులో?"

"నాకేం తెలుసు? నేను మిషన్ తలుపు చూస్తాను, లోపలిది చూడను."

"మూడు," అన్నాడు డాక్టర్.

"ముగ్గురు," అంది వదిన.

సొరుగులు వెతికారు. చెత్తబుట్ట బోర్లించారు. ఏమీ లేదు. గది ఉడికిపోతోంది. డాక్టర్ కోటు విప్పేశాడు. మెకానిక్ చొక్కా గుండీలు తీసుకున్నాడు. వదిన మాత్రం కోటు మెడదాకా బిగించుకుని, చేతులు కడుపు మీంచి తియ్యకుండా కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ ఆమె ముందు నిలబడ్డాడు.

"మీ మరిది మూడు అన్నాడు. మీరు ముగ్గురు అన్నారు. వస్తువుల్ని అలా లెక్కపెట్టరమ్మా. డిష్ ఇవ్వండి."

ఆమె ఇంకా ముడుచుకుపోయింది. "మా పాప చర్మంలోంచి వచ్చారు. పాప పోయింది. వీళ్ళని కూడా చంపమంటారా? తలుపు తియ్యండి బాబూ. ఇంటికి పోనివ్వండి."

"కుదరదు."

జాలి ఆయన డ్యూటీలో లేదు.

"ఒంటి వేడి ఉంటే చాలని నువ్వే కదయ్యా అన్నావు!" అంది మరిదితో.

"వేడొక్కటే చాలదు వదినా. మిషన్‌లో ఉండే గాలి కూడా కావాలి."

చాలాసేపటికి ఆమె కోటు గుండీలు విప్పింది. మూత కదలకుండా గుడ్డతో కడుపుకి కట్టి ఉంది డిష్. డాక్టర్ అందుకుని మైక్రోస్కోప్ కింద పెట్టాడు. తల ఎత్తలేదు.

"చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డాక్టర్ వదిన వైపు తిరిగాడు.

"పోయారు వదినా."

ఇన్‌స్పెక్టర్ గడియ తీశాడు. మెకానిక్ ఒక్కడే బయటికి నడిచాడు.