వంకర కుట్లు

మా ముందు గది దుకాణం, వెనక గది కాపురం. నేను బట్ట కత్తిరిస్తాను, మా ఆవిడ కుడుతుంది. మా ఆడపిల్లలిద్దరూ ఆ గుడ్డపీలికల మధ్యే పెరిగారు.

గొంగళిపురుగును తెచ్చింది పెద్దది. వీధి చివర బాదం చెట్టు మీద దొరికిందట. ఆకుపచ్చగా, బొటనవేలంత లావుంది. "మీరు చాలక ఇదొకటా?" అని మా ఆవిడ తల పట్టుకుంది. అయినా బొత్తాల సీసా ఖాళీ చేసి ఇచ్చింది తనే. పిల్లలు రోజూ లేత ఆకులు వేసి, సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టేవాళ్ళు. అది ఆకు నములుతుంటే కరకరమని వినిపించేది. అచ్చం నాన్న తిన్నట్టే తింటోందని నన్ను ఆటపట్టించేవాళ్ళు.

ఒకరోజు అది తిండి మానేసి, నోట్లోంచి దారం తీస్తూ తన చుట్టూ తానే గూడు అల్లుకుంది. "అమ్మా, ఇది నీలాగే కుడుతోంది!" అని పెద్దది మురిసిపోయింది. అందులోంచి సీతాకోకలాంటి పెద్ద చిమ్మట వస్తుందని చెల్లెలికి చెప్పింది.

ఆ వారమే పెద్దదానికి జ్వరం తగిలింది. చివర్లో మాట పడిపోయింది. అమ్మ కావాలంటే మంచం పట్టెను గోటితో గీకేది. గర్ర్... కాస్త ఆగి, మళ్ళీ గర్ర్... అలా పిలుస్తూనే పోయింది.

ఆ మంచం ఇంట్లో ఉంచుకోలేక ఎవరికో ఇచ్చేశాం. చిన్నది మాత్రం ఏడవలేదు. సీసా ఒళ్ళో పెట్టుకుని, చిమ్మట వచ్చాక అక్కకి చూపిస్తానంటూ కూర్చునేది.

ఒక సాయంత్రం వాన. కరెంటు పోయింది. చీకట్లో తడి గుడ్డల వాసన, మిషను నూనె వాసన. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ చప్పుడు మధ్యలో...

గర్ర్...

మా ఆవిడ చేతిలో పని ఆగిపోయింది. "ఏవండీ..."

"పురుగేనే. బయటికొస్తున్నట్టుంది."

గర్ర్...

"కాదండీ. నన్ను పిలుస్తోంది."

మూల నుంచి చిన్నది గుసగుసగా అంది. "అమ్మా, ఇంకొంచెం సేపు ఆగమంటోంది అక్క."

ఇంకొంచెం సేపు. బడికి లేపితే దుప్పటి ముఖం మీదికి లాక్కుంటూ పెద్దది అనే మాట అది.

మా ఆవిడ ఆగలేదు. లోపల బిడ్డకి ఊపిరాడట్లేదనే అనుకుంది. దారాలు తుంచే కత్తెర అందుకుని, నేను చెయ్యి పట్టుకునేలోపే గూడు చివర చీల్చేసింది.

చిమ్మట జారి పడింది. తడిగా... వణుకుతూ... ముడతలు పడ్డ రెక్కలతో. అవి విచ్చుకోనేలేదు. తెల్లారేసరికి కదలిక ఆగిపోయింది. మా ఆవిడ బిడ్డ మళ్ళీ పోయినట్టు ఏడ్చింది. ఏడుస్తూనే దాన్ని గూట్లో పడుకోబెట్టి, చీలికను తెల్లదారంతో సన్నగా, తిన్నగా కుట్టి, పైన ముడి వేసింది.

మర్నాడు దీపాలు పెట్టే వేళకి మళ్ళీ... గర్ర్.

నేనే ముందు గూడు అందుకుని దీపం దగ్గర పెట్టాను. మా ఆవిడ కుట్ల మీద వేరే కుట్లు ఉన్నాయి. పెద్దపెద్దవి, వంకరటింకరవి. పెద్దదానికి కుట్టు నేర్పినప్పుడు ఎన్నిసార్లు విప్పించినా అలాగే కుట్టేది. దారం మాది కాదు, గూటి రంగుది. వాటి ముడి పైన లేదు. వేలితో తడిమితే... లోపలివైపు తగిలింది.

మా ఆవిడ చేతిలోంచి కత్తెర కింద పడింది. "ఆగుతానమ్మా. ఈసారి ఎంతసేపైనా ఆగుతాను," అంది.

నేను గూడు మళ్ళీ సీసాలో పెట్టగానే, చిన్నది సీసాకి చెవి ఆనించి విన్నది.

"దారం అయిపోయిందట అమ్మా."

మా ఆవిడ కొత్త రీలు ఒకటి సీసాలో వేసింది. దుఃఖంలో ఉన్న మనిషిని ఏమని ఆపను?

పొద్దున చూస్తే రీలు ఖాళీ. గూడు పెరిగి సీసా గోడలకి ఆనుకుని ఉంది.

ఇప్పుడు మా ఆవిడ ఇంకా పెద్ద సీసా కోసం ఇల్లంతా వెతుకుతోంది.