బ్యాచ్ నలభై ఏడు, మొదటి పీసు

తెల్లారేసరికి ఏజెంట్ సోమయ్య శవం శామీర్‌పేట చెరువులో తేలింది. ఎనిమిదింటికల్లా అతని పని మల్లేష్ నెత్తిన పడింది.

"సోమయ్య పంపిన ఆఖరి మెసేజ్ ఇది," ఫోన్లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "మేడ్చల్ ఫ్యాక్టరీలో ఆర్మీ ట్రక్కుల హెడ్‌లైట్ లెన్సులు. బ్యాచ్ నలభై ఏడు. ఫారిన్ గూఢచారుల రింగ్ ప్లాస్టిక్‌లో ఏదో కలిపింది. అరగంట బల్బు వేడికి లెన్సు తెల్లబడుతుంది. సరిహద్దు ఘాట్ రోడ్డులో రెండు వందల ట్రక్కులు ఒకేసారి గుడ్డివవుతాయి. పదకొండింటికి ఆర్మీ కల్నల్ సంతకం పెడతాడు, సీలు వేసిన కంటైనర్ కదులుతుంది. సీలు విప్పించాలంటే ఆ బ్యాచ్ లెన్సు ఒక్కటైనా నీ చేతిలో ఉండాలి."

"లోపల మనవాళ్లు?"

"క్వాలిటీ మేనేజర్ ప్రియాంక. లెన్సు తెచ్చిస్తుంది."

మల్లేష్ ఖాకీ చొక్కా తొడిగి ఫ్యాక్టరీ గేటు ముందు ఆటో ఆపాడు. తొమ్మిదిన్నరకు నల్ల కళ్లద్దాలతో ప్రియాంక వచ్చింది.

"దుండిగల్‌కు సీటుందా?"

"ముగ్గురెక్కితేనే కదుల్తది."

కోడ్ సరిపోయింది. ఆమె చేతిలో పెట్టిన లెన్సు సరిపోలేదు. అంచున నలభై ఆరు అని ఉంది.

"ఇది మంచి బ్యాచ్ కదా."

"అవును. నలభై ఏడులో బయట మిగిలినవన్నీ నేనే పొడి కొట్టించాను." ఆమె నవ్వింది. "సోమయ్య కూడా నీలాగే నన్ను నమ్మాడు."

హీల్స్ టకటకలాడిస్తూ లోపలికి వెళ్లిపోయింది. ఆమెను పట్టుకున్నా కంటైనర్ ఆగదు. మల్లేష్ హ్యాండిల్ మీద తల వాల్చేశాడు.

"గండిమైసమ్మకు వస్తవా బిడ్డా? ఏంది, మొఖం గట్ల వెట్టినవ్?"

నైట్ షిఫ్ట్ దిగిన జంగమ్మ. మోల్డింగ్ మిషన్ మీద పని.

"పెద్దమ్మా, నలభై ఏడో బ్యాచ్‌ల ఒక్క పీసన్నా మిగిలిందా?"

"ఏడిది? మేడమ్ నిలవడి పొడి గొట్టిచ్చింది. మొదటిది తప్ప."

"మొదటిదా?"

"కొత్త మాల్ల మొదటి పీసుకు బొట్టు వెట్టి మైసమ్మ కాడ వెడ్త. మొన్ననే వెట్టిన."

గండిమైసమ్మ గుళ్లో నిమ్మకాయల మధ్య దొరికింది. అంచున నలభై ఏడు. కానీ నీళ్లలా తేటగా ఉంది. ఇది చూపిస్తే కల్నల్ నవ్వుతాడు. మల్లేష్ దాన్ని ఆటో హెడ్‌లైట్ మీద టేపుతో బిగించి లైటు వేశాడు. అప్పటికే పది పదిహేను.

జంగమ్మ ఆటో దిగలేదు. "అమ్మ కాడిది ఇడిశిపెట్టి నేనేడికి వోత?"

గౌడవెల్లి దగ్గర రోడ్డు నిండా గొర్రెలు. మల్లేష్ హారన్ ఆపకుండా కొట్టాడు.

"గొర్లకు హారన్ సమజైతదా అన్నా?" అన్నాడు కాపరి, తాపీగా.

ఎనిమిది నిమిషాలు పోయాయి.

పదీ యాభై ఎనిమిదికి ఫ్యాక్టరీ గేటు. కల్నల్ పెన్ను కాగితం మీదికి వంగింది. పక్కనే కంపెనీ ఎండీ. మల్లేష్ దిగి ఆటో ముందుకొచ్చి, వంగి హెడ్‌లైట్ చూశాడు.

లెన్సు పెరుగులా తెల్లగా ఉంది. దారిపొడవునా గాలికి చల్లారుతూ వచ్చింది; గొర్రెల దగ్గర గాలి లేకుండా ఆగిన ఆ ఎనిమిది నిమిషాలే దాని పని పట్టాయి.

మల్లేష్ దాన్ని ఊడదీసి, అంచున నలభై ఏడు కనిపించేలా కాగితం మీద పెట్టాడు. కల్నల్ పెన్ను మూశాడు.

"ప్లాస్టిక్ ఫారిన్ సప్లయర్‌ది సార్," ఎండీ గొణిగాడు. "మా బాధ్యత ఏముంది?"

"పరీక్షించామని సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది?"

"నాదే. పరీక్షంటే... కాగితం మీదే..."

"లెన్సు మీ పేరుతో వెళ్తోంది. బాధ్యత కూడా మీ పేరుతోనే వస్తుంది."

వెనక గేటు దగ్గర చీఫ్ పంపిన పోలీసులు ప్రియాంక చేతులకు బేడీలు వేశారు.

"ఇగ నా పీసు నాకియ్యి," అంది జంగమ్మ.

"అది సాక్ష్యం పెద్దమ్మా. ఇయ్యరు."

"అయితె మంచిదొకటి ఇప్పియ్యి. అమ్మకు ఖరాబ్ మాల్ వెడ్తనా?"

మల్లేష్ సీటు కింద నుంచి ప్రియాంక ఇచ్చిన నలభై ఆరో బ్యాచ్ లెన్సు తీసిచ్చాడు. జంగమ్మ దాన్ని ఎండకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, గోటితో గీకి చూసింది.

ఆ ఫ్యాక్టరీ లెన్సుకు అసలైన తనిఖీ జరగడం అదే మొదటిసారి.