మసకబారిన సీసా

బయట పట్టపగలు. లోపల చిమ్మచీకటి!

దుమ్ము కూడా దూరకూడని క్లీన్‌రూమ్‌కి కిటికీలు ఉండవు. లైట్ల మెయిన్ ఎవరో బయటినుంచి ఆపేశారు.

ఎవరో ఏమిటి... వాడే! సెక్యూరిటీ ఆఫీసర్.

సీసాలు వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ వెనక ఒదిగి కూర్చుని ఉంది ఆమె. ల్యాబ్‌లో అందరూ ఆమెని ‘భూతద్దం’ అంటారు. ఆ కంటినుంచి ఏదీ తప్పించుకోదని. ఇవాళ ఆ కన్నే ప్రాణం మీదికి తెచ్చింది.

కుడి గుప్పిట్లో చిన్న గాజు సీసా.

నిన్న సాయంత్రం దాకా అందులో ద్రవం తేటగా ఉంది. పొద్దున చూస్తే బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

అంటే... క్రిములు!

వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోయినవాళ్ళ కోసం ఇక్కడ స్టెమ్ సెల్స్ పెంచుతారు. బయటికి తీశాక ఆ కణాలు మూడు రోజులకి మించి బతకవు. క్రిములు లేవని తేల్చే పరీక్షకేమో పద్నాలుగు రోజులు కావాలి. అందుకే పరీక్ష నడుస్తుండగానే డోసు ఆస్పత్రికి వెళ్ళిపోతుంది. మధ్యలో పరీక్ష సీసా మసకేస్తే వెంటనే ఫోన్ చేసి ఆపాలి. అదీ రూల్.

ఆమె డైరెక్టర్‌తో చెప్పింది. బుద్ధి గడ్డి తిని!

“ఎల్లుండి లైసెన్స్ మీటింగ్. ఎనిమిదేళ్ళ కష్టం. ఈ సీసా నువ్వు చూళ్ళేదు. ఇలా ఇచ్చెయ్.”

ఇవ్వలేదు. పరిగెత్తింది.

ఎలా ఇస్తుంది? ఆ డోసు పది గంటలకి ఎక్కించేది ఆమె సొంత అక్కకి! వెన్నులోకి!

ఇప్పుడు తొమ్మిదీ ఇరవై.

టక్... టక్... బూట్లు దగ్గరకొస్తున్నాయి.

“బయటికి రా తల్లీ. సీసా పగలగొట్టి రమ్మన్నారు. నీ జోలికి నేను రాను.”

గొంతులో తేనె. నడుముకి రివాల్వర్.

ఆమె చీకట్లో చుట్టూ చూసింది. ఫోన్ లేదు. క్లీన్‌రూమ్‌లోకి ఫోన్లు రానివ్వరు.

గోడలో చిన్న పచ్చ దీపం. పాస్‌బాక్స్!

సామాన్లు అటూ ఇటూ పంపే ఉక్కు పెట్టె. లోపలివైపు ఒక తలుపు, వరండావైపు ఒకటి. ఒకటి మూస్తేగాని రెండోది తెరుచుకోదు. సామాన్లకే ఇరుకు. మనిషికి...?

దూరింది!

మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. లోపలి తలుపు లాక్కుంది. బయటి తలుపు తోసింది.

రాదు!

మళ్ళీ తోసింది. రాదు! ఒంటి మీది క్లీన్‌రూమ్ సూటు అంచు లోపలి తలుపులో ఇరుక్కుంది.

“ఆ... అక్కడున్నావా?”

బూట్లు పరుగందుకున్నాయి. ఆమె బలమంతా పెట్టి లాగింది. చర్రుమని గుడ్డ చిరిగింది. క్లిక్!

వరండాలో బోర్లా పడింది. సీసా పగల్లేదు. బయటి తలుపు బార్లా తెరిచి వదిలేసింది. ఇది మూస్తేగాని వాడి తలుపు తెరుచుకోదు.

లోపలినుంచి దబదబా బాదుతున్నాడు. వాడు చుట్టూ తిరిగి రావాలి. మూడు తలుపులు. రెండు నిమిషాలు... అంతే!

రోడ్డు. ట్యాక్సీ. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటులో ఉన్న మనిషిని చూసి డ్రైవర్ గుటక మింగాడు.

“ఏమైనా రోగం వచ్చిందా మేడమ్ ఊళ్ళోకి?”

“పోనివ్వు బాబూ! నీ ఫోనివ్వు!”

అక్క ఫోన్ స్విచాఫ్. ఆస్పత్రి నంబర్ కొట్టింది. ‘దయచేసి లైన్లో ఉండండి...’ వెనక సంగీతం. ఉన్నంతసేపూ సంగీతమే!

అద్దంలో వెనక నల్ల కారు కనిపించింది. కంపెనీ కారు.

ఆస్పత్రి మెట్లు. మూడో అంతస్తు. ఎర్ర దీపం వెలుగుతున్న గది. నర్సు అడ్డొచ్చింది. ఆమె తోసుకుని వెళ్ళిపోయింది.

పక్కకి తిరిగి పడుకున్న అక్క. మందు పూసిన వీపు. డాక్టర్ చేతిలో సూది... చర్మానికి వేలెడు దూరంలో!

“ఆపండి!”

సూది ఆగింది.

“ఆ డోసులో క్రిములున్నాయి డాక్టర్! ఇదిగో సీసా!”

“ఏమిటే ఇది?” అక్క తల తిప్పలేక తిప్పింది. కళ్ళనిండా నీళ్ళు. “రెండేళ్ళుగా ఈ రోజు కోసమే బతుకుతున్నానే... నా కాళ్ళు నాకు రానివ్వవా?”

ఆ మాట ఆమె గుండెలో సూటిగా దిగింది. జవాబు చెప్పేలోపే వెనక తలుపు దడాలున తెరుచుకుంది.

సెక్యూరిటీ ఆఫీసర్! ఆయాసంతో రొప్పుతున్నాడు. రివాల్వర్ చేతిలో ఉంది.

“ఎవరూ కదలొద్దు. సీసా ఇవ్వమ్మా.”

ఆమె గుప్పిట బిగించింది. రివాల్వర్ అక్క వైపు తిరిగింది.

అంతే. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

వాడు లాక్కున్నాడు. నేలకేసి కొట్టాడు.

భళ్ళున పగిలింది! పైన బూటు పెట్టి రుద్దాడు కూడా.

“ఇంక ఏ సీసా? ఎక్కడి సీసా? డాక్టర్‌గారూ, మీరు మీ పని కానివ్వండి.”

డాక్టర్ కదల్లేదు. డోసు పెట్టె మీది బ్యాచ్ నంబర్ చూస్తోంది.

“ఏం పని చేశావయ్యా...” అంది డాక్టర్. “ఇదే బ్యాచ్ పొద్దున ఎనిమిదింటికి ఇంకొకావిడకి ఎక్కించాను. ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో ఆ సీసాలో చూస్తేనే తెలిసేది. ఈ సిరంజీలోది పెంచి చూడాలంటే రెండు రోజులు పడుతుంది. వెన్నులో పడ్డ క్రిమి రెండు రోజులు ఆగదు!”

“ఎ... ఎనిమిదింటికా?”

వాడి రివాల్వర్ కిందికి వాలింది.

“నాలుగో నంబర్ గదిలోనా?”

“అవును. నీకెలా తెలుసు?”

“మా ఆవిడ.”

“డైరెక్టర్‌గారి కాళ్ళా వేళ్ళా పడి ఈ వైద్యంలో సీటు ఇప్పించుకున్నాను... ఫ్రీగా చేయిస్తానన్నారు...”

రివాల్వర్ కింద పడింది. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గాజు పెంకులు చేతులతో పోగుచేస్తున్నాడు. వేళ్ళు తెగి రక్తం కారుతున్నా ఆపడం లేదు.

“ఇందులోంచి తియ్యండి డాక్టర్‌గారూ! తడి ఉంది, చూడండి!”

“బూటుతో రుద్దాక ఏ క్రిమి ఎక్కడిదో నాకెలా తెలుస్తుందయ్యా?” డాక్టర్ నర్సు వైపు తిరిగి అరిచింది. “నాలుగో గదికి మందులు మొదలుపెట్టండి! ఏవైతే అవే! గుడ్డిగానైనా సరే!”

వాడు తలెత్తి ఆమె వైపు చూశాడు. ఇందాకటిదాకా ఆమెని చంపేలా తరిమిన కళ్ళు. ఇప్పుడు పసిపిల్లాడి కళ్ళు.

“అమ్మా... ఇంకో సీసా ఉందా? ఎక్కడైనా?”

ఉంది! వాడిమీద ఆమెకి జాలి ఎందుకు కలిగిందో ఆమెకే తెలియదు.

“ఉంది! ప్రతి బ్యాచ్‌కీ జంట సీసాలు పెడతాం. రెండోది ఇంక్యుబేటర్లోనే ఉంది. నేనే పెట్టాను. పద, కారు తియ్!”

వాడు ఒక్క ఉదుటున లేచాడు. ఇద్దరూ తలుపు దాకా వెళ్ళారు.

వాడి ఫోన్ మోగింది. డైరెక్టర్. రక్తపు వేలు తగిలి స్పీకర్ ఆన్ అయింది.

“ఏమయ్యా, పనైందా? నువ్వేం కంగారుపడకు. ఇక్కడ మిగిలిన సీసాలు, పరీక్ష ప్లేట్లు అన్నీ నేనే దగ్గరుండి తగలబెట్టించేశాను. ఒక్కటి కూడా లేదు!”

గొంతులో మంచి హుషారు.

“అన్నట్టు... పొద్దున మీ ఆవిడకి ఇంజెక్షన్ ఇచ్చారట కదా? ఎలా ఉంది? కులాసాయేనా?”