సరే అన్నావుగా

శనివారం పొద్దున్నే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని అల్లుడి యూనిఫాం చొక్కాకి గుండీ కుడుతోంది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కూతురు అద్దం ముందు తల దువ్వుకుంటూ ఈ రాత్రికి ఇంటికి రానని చెప్పింది. ఆఫీసు పనా అంటే కాదంది. స్నేహితుడి దగ్గరికట. ఎలాంటి స్నేహితుడో కూడా దాచకుండా చెప్పింది.

గుండీ కుట్టాల్సిన అమ్మ చొక్కా రెండు అంచులనీ కలిపి కుట్టేసింది. అల్లుడు స్నానాల గదిలో ఉన్నాడు. వింటాడేమోనని గొంతు తగ్గించింది.

"అతనికి తెలిస్తే?"

"తెలుసమ్మా. ఇద్దరం మాట్లాడుకున్నాకే."

తన ఈడువాళ్ళలో కొందరు ఇలాగే ఉంటున్నారని కూతురు ఓపిగ్గా చెప్పింది. భార్యాభర్తలుగానే ఉంటారు, ఇంకొకరి మీద ఇష్టం కలిగితే దాచుకోరు. అతనికీ ఆ స్వేచ్ఛ ఉంది. దాచితేనే మోసం.

"చెప్పి దూకితే నుయ్యి లోతు తగ్గుతుందా?" అంది అమ్మ.

"మీ కాలంలో చెప్పకుండా దూకేవాళ్ళు. అది మంచిదా?"

అలాంటి ఇళ్ళు అమ్మ చూసింది. అయినా ఈ ఇల్లు ఏమైపోతుందోనన్న భయం పోలేదు.

అల్లుడు వచ్చి చొక్కా అందుకున్నాడు. ఎంత లాగినా విడదే. "అత్తయ్యా, ఈరోజు నన్ను పనికి పోనివ్వరా ఏంటి?" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"బాబూ, ఈ పద్ధతి నీకు ఇష్టమేనా?"

అతను భార్య వైపు చూశాడు. "సర్దుకుంటున్నాను అత్తయ్యా" అన్నాడు మెల్లగా.

ఆ మాట అమ్మకి బాగా తెలుసు. కారే కప్పు గురించీ, కరిచే చెప్పుల గురించీ, కసిరే మొగుడి గురించీ ఆడవాళ్ళు అనే మాటే అది. మగవాడి నోట వినడం ఇదే మొదలు.

కూతురు సంచీ కింద పెట్టింది.

"సర్దుకోవడమేంటి? సరే అన్నావుగా. వెళ్ళే ప్రతిసారీ అడిగానుగా."

"అడిగావు. కాదంటే మొత్తానికే వెళ్ళిపోతావేమోనని సరే అన్నాను. నువ్వు లేని రాత్రి నిద్ర పట్టదు. పొద్దున లిఫ్టు గుంతలోకి దిగితే చేతులు వణుకుతున్నాయి."

కూతురి మొహం ఎర్రబడింది. నవ్వుతూ సాగనంపి నన్ను దోషిని చేశావంది. అతను ఒప్పుకున్నాడు. ఇంకా ఏదో అనబోయి, అతను గోడకానుకుని నేలమీద కూలబడటం చూసి ఆగిపోయింది. వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నా. నేనెక్కడికీ పోను. భయపడకుండా చెప్పు. నీకు ఇష్టమేనా?"

అతను చేతిలోని చొక్కాని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లేదు."

"ఈ ఒక్క మాట ముందే చెప్పలేనంత భయపెట్టానా నిన్ను?" అంటూ ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. సంచీలో ఫోన్ మోగింది. ఈరోజు రాలేనని, మిగతాది ఎదురుగా కూర్చుని చెబుతానని కళ్ళు తుడుచుకుంటూ ఆ స్నేహితుడితో అంది.

కూతురి తల నిమరాలని అమ్మకి చేతులు లాగాయి. కానీ వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకోవాలి. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరకేసి, ఆ మాటలు తన చెవిన పడకుండా కుళాయి తిప్పేసింది.