కాలు తియ్, అన్నయ్యా

సాయంత్రం ఆరింటికి ప్రోగ్రామ్. మధ్యాహ్నం రెండున్నరకే కంచు రిహార్సల్ గది తాళం తీసింది. మెట్లు దిగి వెళ్ళాల్సిన గది అది. కిటికీల్లేవు. గోడల నిండా శబ్దాన్ని మింగేసే స్పాంజి పలకలు, కింద పాత తివాచీ, ఆ తివాచీలో ఏళ్ళ తరబడి ఇంకిపోయిన చెమట వాసన, కాఫీ వాసన, తీగలకు పెట్టిన టంకం వాసన. తలుపు మూస్తే వీధిలో లారీ పోయినా లోపలికి వినబడదు. లోపల మనిషి గొంతు చించుకున్నా బయటికి వినబడదు.

కంచు అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఆమె ఏడుపు విని, "ఇది గొంతా, కంచు గిన్నా?" అని అన్నయ్య పెట్టిన పేరు. అదే ఊళ్ళో, స్టేజీ మీద, కరపత్రాల్లో స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టినవాడే పదకొండేళ్ళు ఆ గొంతు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మాటవరసకి అంటున్నది కాదు ఇది. నిజంగానే కాలేసుకుని కూర్చున్నాడు.

వాళ్ళది చిన్న ట్రూపు. అన్నయ్య గిటార్, బాబాయ్ డ్రమ్స్, కంచు పాట. అన్నయ్య ఎత్తు స్టూలు మీద కూర్చునేవాడు. అతని పాదాల దగ్గర ఒక ఇనప పెట్టె ఉండేది. దాన్ని ఫుట్ కంట్రోలర్ అంటారు. దాని మీద వరసగా పది స్విచ్‌లు, కుడిపక్కన దానికి తీగతో తగిలించిన, ముందుకీ వెనక్కీ వంగే పెడల్ ఒకటి. కాలితో స్విచ్ నొక్కితే తీగలోంచి ఒక నంబరు పక్కనున్న వాయిస్ మెషీన్‌కి వెళ్తుంది. ఆ నంబరుని బట్టి మెషీన్ గొంతుకి ప్రతిధ్వని తగిలిస్తుంది, లేదా జంట గొంతు కలుపుతుంది. పెడల్ పని వేరు. వేళ్ళవైపు తొక్కితే కంచు గొంతు పెరుగుతుంది. మడమవైపు తొక్కితే తగ్గుతుంది. మడమ పూర్తిగా ఆనిస్తే గొంతే ఉండదు.

పాడేది కంచు, తొక్కేది అన్నయ్య. ఆమె ఒక ఆలాపన అతనికి నచ్చినదానికంటే నాలుగు క్షణాలు ఎక్కువ లాగితే మడమ. పాటల మధ్య జనాన్ని నవ్విస్తే మడమ. పొద్దున ఇంట్లో కూర దగ్గర మాటామాటా అనుకుంటే సాయంత్రం రెండో చరణంలో మడమ. కంచు నోరు తెరిచి మూస్తూ నిలబడేది. జనం మైకు పాడైందనుకునేవాళ్ళు.

అన్నయ్య పోయి రెండు నెలలైంది. ఈరోజు హాలు యజమాని ముందు వరసలో కూర్చుని వింటానన్నాడు. ఆయనకి నచ్చితే ప్రతి శనివారం వాళ్ళదే. నచ్చకపోతే ట్రూపు మూసుకోవడమే. పోనీ పెడల్ తొక్కడానికి ఇంకో గిటారిస్టుని పెట్టుకుందామన్నాడు బాబాయ్. కంచు ఒంటికాలి మీద లేచింది.

"ఇంకో కాలు నాకొద్దు బాబాయ్! నా గొంతు నా కాలికిందే ఉండాలి. లేకపోతే పాటే మానేస్తా."

ఆ మాట మీదే ఈ గదికి వచ్చారు ఇద్దరూ.

మొదట అన్నయ్య పెట్టుకున్న సెట్టింగులన్నీ చెరిపేసింది. 'మొత్తం తుడిచేయాలా?' అని తెర మీద అడిగింది పెట్టె. పళ్ళు కొరుకుతూ అవునని నొక్కింది. 'నిజంగానా?' అని మళ్ళీ అడిగింది. "నిజంగానే!" అని పైకే అరిచి మళ్ళీ నొక్కింది.

"పోయినవాడి వస్తువమ్మా, కాస్త నెమ్మదిగా. బంగారంలాంటి మనిషి..." అన్నాడు బాబాయ్.

"చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! బతికుండగా ఆ బంగారం నువ్వూ చూశావు కదా. నా నోరు నొక్కినప్పుడల్లా డ్రమ్స్ వెనక తల దించుకున్నావు."

బాబాయ్ ఈసారి కూడా తల దించుకున్నాడు.

స్పీకర్‌లో గుయ్యిమని ఒకటే రొద. ట్యూబ్‌లైట్ వల్ల అని బాబాయ్ దాన్ని ఆర్పేశాడు. రొద పోయింది, వెలుతురూ పోయింది. చీకట్లో పెట్టె మీద పది ఎర్ర చుక్కలు, చిన్న తెర మీద నీలం అంకెలు మాత్రమే మిగిలాయి.

కంచు ఒకటో స్విచ్‌కి ప్రతిధ్వని పెట్టి నొక్కింది. జంట గొంతు వచ్చింది. రెండు నొక్కితే మూడోది వచ్చింది. ఒళ్ళు జలదరించింది ఇద్దరికీ. పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం తీసి ఫోను వెలుగులో చూస్తే సంగతి తెలిసింది. పెట్టె ఒకటి నుంచి లెక్కపెడుతోంది, మెషీన్ సున్నా నుంచి లెక్కపెడుతోంది. అంతే తేడా. సరిచేసింది.

"నీ తొక్కుడుబిళ్ళ ఆటలో గళ్ళు కూడా తిన్నగా లేవన్నమాట," అన్నాడు బాబాయ్. ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత పెడల్. వేళ్ళవైపు చివరిదాకా తొక్కితే తెర మీద నూట ఇరవై ఏడు, మడమవైపు తొక్కితే సున్నా. కంచు వేళ్ళవైపు నొక్కి, కాలు తీసి, మైకు దగ్గరికి వెళ్ళి పాట ఎత్తుకుంది. గొంతు గదంతా నిండింది. ఒక్క వాక్యం అయిందో లేదో, సన్నగిల్లింది. వెనక్కి తిరిగి చూసింది. అంకెలు దిగుతున్నాయి. నూరు... డెబ్భై... యాభై... పెడల్ మడమవైపు మెల్లగా ఒరుగుతోంది.

"పక్క స్క్రూ వదులైందమ్మా. బరువుకి అదే వాలిపోతోంది."

స్క్రూ బిగించింది. చేత్తో కదపాలన్నా కష్టమయ్యేంత బిగించింది. మళ్ళీ పాడింది. మళ్ళీ దిగింది.

ఈసారి ఆమెకి భయం వేయలేదు, ఒళ్ళు మండింది. వంగి పెడల్ తీగని పెట్టెలోంచి ఊడబెరికింది. తీగ లేకపోతే తెర మీద రెండు అడ్డగీతలు కనబడాలి. పుస్తకంలో అలాగే ఉంది.

నలభై నాలుగు అని ఉంది తెర మీద.

నలభై ఐదు... నలభై నాలుగు... నలభై ఐదు...

అలసిపోయిన మనిషి పాదం ఊరికే ఆనించి కూర్చుంటే, లోపల నాడి కొట్టుకుంటుంటే, అంకె అలాగే ఊగుతుంది. ఎవరి పాదమో వాళ్ళిద్దరికీ తెలుసు.

గదిలో చెమట వాసన ఎక్కువైంది. పాతది కాదు... అప్పుడే పట్టిన చెమట.

"కంచూ..." బాబాయ్ గొంతు గుసగుసలోకి దిగింది. "ఒక మాట చెప్తా, కోప్పడకు. ఆ రోజు వాడు నీ నోరు మూయించలేదేమోనమ్మా... నిన్ను పిలిచాడేమో..."

ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తకూడదని ఆమె శాసనం. మూడో పాట మధ్యలో గొంతు ఆగిపోయింది ఆ రోజు. మళ్ళీ మొదలుపెట్టాడు అనుకుంది. పొద్దుటి గొడవ ఇంకా కడుపులో రగులుతోంది. చేతులు కట్టుకుని, వీపు అటే పెట్టి, వెనక్కి తిరక్కుండా నిలబడింది. "నీ కాలు పడిపోను!" అని పళ్ళ కింద తిట్టింది కూడా. వెనక అన్నయ్య స్టూలు మీద గోడకి వాలిపోయి ఉన్నాడు. ఒంటి బరువంతా మడమ మీద ఉంది. బాబాయ్ చూసి కర్రలు పారేసి పరిగెత్తేసరికి రెండు నిమిషాలైంది. ఆ రెండు నిమిషాలు ముందుంటే బతికేవాడన్నాడు డాక్టర్.

రెండు నెలలుగా ఆమె నిద్రపోలేదు. తన మీద తనకి కోపం. అంతకంటే ఎక్కువగా అన్నయ్య మీద కోపం. పదకొండేళ్ళు ఉత్తపుణ్యానికి తొక్కబట్టే కదా, నిజంగా పిలిచిన రోజు తెలియకుండా పోయింది!

"పిలవాలంటే నోరుంది కదా!" చీకట్లోకి అరిచింది. "గిటార్ ఉంది కదా! పిలవడానికి కూడా నా గొంతే నొక్కాలా? చచ్చేటప్పుడు కూడా నా పాటే కావాల్సొచ్చిందా నీకు? తియ్! కాలు తియ్, అన్నయ్యా!"

స్పాంజి గోడలు ఆ అరుపుని మింగేశాయి.

నలభై ఐదు... నలభై నాలుగు...

తెర మీద అంకె పోయింది. రెండు అడ్డగీతలు వచ్చాయి.

బాబాయ్ వంగి తెర దగ్గరగా చూశాడు.

"తీశాడా?" అన్నాడు బాబాయ్.

"తీశాడు."

లైటు వేశారు. తీగ మళ్ళీ పెట్టింది. పెడల్ పెట్టినచోట పెట్టినట్టే ఉంది. స్విచ్‌లన్నీ చెప్పినట్టు విన్నాయి. కంచు గొంతెత్తి రెండు పాటలు పూర్తిగా పాడింది, తన ఆలాపన తనకి నచ్చినంతసేపు లాగింది. కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, బాబాయ్ చేత కాఫీ తెప్పించుకుని తాగింది. తీసిన కాలు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆరింటికి హాలు నిండింది. కంచు మధ్యలో నిలబడింది. పెట్టె ఆమె కాళ్ళ ముందు, కుడిపాదం పెడల్ మీద. మొదటి పాటకి చప్పట్లు పడ్డాయి. రెండో పాటలో జంట గొంతు తనే కలిపింది, తనే తీసింది. ముందు వరసలో హాలు యజమాని తల ఊపుతున్నాడు.

మూడో పాట. పై స్థాయికి వెళ్ళే చోట గొంతు కొద్దిగా తగ్గింది.

తనే పొరపాటున మడమ ఆనించిందనుకుంది. వేళ్ళు నొక్కుదామనుకుంది. వేళ్ళు నొక్కలేదు. ఇంకోసారి అనుకుంది. పాదం వినలేదు. ఆమె కళ్ళముందే, ఆమె మడమ, ఆమె చెప్పుతో సహా, మెల్లగా కిందికి దిగుతోంది. గొంతు సగమైంది... పావు అయింది... కాలు ఎత్తి పక్కకి పెట్టబోయింది. రాలేదు. మోకాలి దాకా తనది. ఆ కింద ఎవరిదో.

గొంతు ఆగిపోయింది.

హాల్లో డ్రమ్స్ ఒక్కటే మోగుతోంది. కంచు నోరు తెరిచి మూస్తోంది. ముందు వరసలో యజమాని పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు.

కోపమొస్తే అరికాలి మంట నెత్తికెక్కిందంటారు. ఆమెకి ఎడమ అరికాలి నుంచే ఎక్కింది. కుడికాలు ఉన్నట్టే తెలియలేదు. ఎడమకాలు ఎత్తింది. ఎత్తు మడమ ఉన్న చెప్పు అది. ఉన్న బలమంతా పెట్టి కుడిపాదం వేళ్ళ మీద దించింది.

నొప్పి తెలియలేదు.

"అబ్బా!" అని వినబడింది.

స్పీకర్‌లోంచి కాదు. ఆమె నోట్లోంచీ కాదు. కుడిపక్క నుంచి... ఎవరూ లేనిచోటు నుంచి... బొంగురు మగగొంతు. బాబాయ్ ఒక దెబ్బ తప్పాడు. ఆయన కూడా విన్నాడన్నమాట.

కానీ వేళ్ళు కిందికి అణిగాయి, పెడల్ ముందుకి వాలింది, గొంతు ఖంగుమని హాలంతా లేచింది. "చాలా? ఇంకా కావాలా?" అని మనసులో అనుకుని ఇంకొంచెం తొక్కింది. అలాగే పాడింది. ఒకటి కాదు, మిగిలిన నాలుగు పాటలూ, కుడిపాదం మీద ఎడమ మడమ గుచ్చి పాడింది. అంత కసిగా ఆమె ఎన్నడూ పాడలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

హాలు యజమాని స్టేజీ దగ్గరికి వచ్చాడు. "ప్రతి శనివారం మీదేనమ్మా. ఆ నిలబడే స్టైలు కూడా భలే ఉంది, మానకండి," అన్నాడు. కంచు దణ్ణం పెట్టింది. కదల్లేదు.

జనం వెళ్ళిపోయారు. హాల్లో లైట్లు ఒక్కో వరసే ఆరుతున్నాయి. బాబాయ్ డ్రమ్స్ సర్దాడు. మెషీన్ ఆపి తీగలన్నీ చుట్టాడు. ఆమె కాళ్ళ దగ్గరున్న పెట్టెకి ఇప్పుడు కరెంటు లేదు, తీగ లేదు. ఎర్ర చుక్కలన్నీ ఆరిపోయాయి.

"పదమ్మా. వ్యాన్ వచ్చింది."

"నువ్వెళ్ళు బాబాయ్."

"కాలు తియ్ తల్లీ. వేళ్ళు చూడు, నల్లబడిపోయాయి..."

"నాకు నొప్పి లేదు." గొంతు తగ్గించి అంది. "నేను తీస్తే వాడు మళ్ళీ పెడతాడు."

బాబాయ్ చూపు ఆమె పాదాల మీద నిలిచిపోయింది. కంచు కూడా కిందికి చూసింది.

గుచ్చిన మడమ కింద, వాచి నల్లబడిన ఆ వేళ్ళు మెల్లగా కదులుతున్నాయి. విడిపించుకోవడానికి కాదు. ఒకటి... రెండు... మూడు... నాలుగు... తర్వాతి పాట ఎత్తుకోమని అన్నయ్య ఇచ్చే లెక్క అది.