ఒకే ఇంటిపేరు వాళ్ళు

“అన్నయ్యా అని పిలువు” అంది మేనత్త.

ముందుగదిలో ఎవరూ కదల్లేదు. సోఫాలో ఒక చివర లిఫ్టులు బాగుచేసే అబ్బాయి, రెండో చివర అతని తల్లి. వాళ్ళ ముందు టీ చల్లారిపోతోంది. కిటికీ పక్క కుర్చీలో ఇంటాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎర్రలైటు దగ్గర ఆగిన బస్సు డ్రైవరులా కూర్చున్నాడు. నిజంగా బస్సు డ్రైవరే ఆయన. వంటింటి గుమ్మంలో ఆయన భార్య బిస్కట్ల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. అందరికీ మధ్యలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు తల దించుకుని నేల చూస్తోంది.

కాసేపటి ముందు అదే గదిలో నవ్వులున్నాయి. ఆ పిల్ల పళ్ళ సెట్లు తయారుచేసే లాబులో పనిచేస్తుంది. ఒకరోజు ఆ భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోతే, తలుపు తెరిచి తొంగిచూసిన మొహం ఈ అబ్బాయిదే. “థాంక్స్ చెప్తుందనుకున్నా అత్తయ్యా. ‘ఇంతసేపా?’ అని కసిరింది” అన్నాడతను, వంటింటి వైపు తిరిగి. “మా పిచ్చుక అంతేలే” అని తండ్రి పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు ఊపులోనే, “ఇంతకీ మీ ఇంటిపేరేంటి బాబూ?” అని అడిగాడు.

అబ్బాయి చెప్పాడు. అది వీళ్ళ ఇంటిపేరే.

వాళ్ళ పెద్దలు సముద్రం దాటి వచ్చి నాలుగు తరాలు దాటింది. వాళ్ళు ఏ ఊరు వదిలి వచ్చారో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు లేరు. గోత్రం మరిచిపోయారు, చుట్టరికాలు తెగిపోయాయి. మిగిలింది ఇంటిపేరొక్కటే. అది మాత్రం ఎక్కడెక్కడో మొలకెత్తింది. రేవు పట్నంలో ఒక బేకరీ బోర్డు మీద ఉంది. తోటలున్న వైపు సమాధిరాళ్ళ మీద ఉంది. పొరుగు దేశంలో ఒక జడ్జిగారి గది తలుపు మీద, మరో సముద్రానికి అవతల ఫుట్‌బాల్ ఆడే కుర్రాడి చొక్కా వీపు మీద కూడా ఉంది. ఆ చొక్కా టీవీలో కనబడిన రోజున బస్సు డ్రైవరు డిపో అంతా తిరిగి, “మా తమ్ముడు గోలు కొట్టాడు” అని చెప్పుకున్నాడు. ఆ పేరు ఎక్కడ కనబడినా వయసు చూసి వరస కలిపెయ్యడం వాళ్ళ అలవాటు. అన్న, తమ్ముడు, చిన్నాన్న, అత్త... ఏదైనా అవ్వొచ్చు. పెళ్ళి మాత్రం కుదరదు. ఒకే ఇంటిపేరు వాళ్ళంటే ఒక తల్లి పిల్లల కింద లెక్క.

ఈ నియమం తప్పకుండా కాపలా కాసేది డ్రైవరుగారి అక్క. తల పూర్తిగా నెరిసిపోయినా ఆమెను అందరూ పెద్దమ్మాయి అనే పిలుస్తారు. పెళ్ళి కాలేదు కాబట్టి ఆ పేరు మారే అవసరం రాలేదు. తల్లి పోయాక తమ్ముళ్ళను పెంచింది ఆమే. గ్లౌజుల ఫ్యాక్టరీలో కుట్టు మిషను ముందు కూర్చుని చదివించింది, ఉద్యోగాల్లో నిలబెట్టింది. ఆమెకూ ఒకప్పుడు ఒక సంబంధం ఇంటిపేరు దగ్గరే ఆగిపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు.

“పిలవ్వే. పిలిస్తే అయిపోతుంది. మనసులో ఏదన్నా ఉంటే అదే సర్దుకుంటుంది” అంది పెద్దమ్మాయి మళ్ళీ. గొంతులో కోపం లేదు. దెబ్బ తగిలిన పిల్లకు మందు రాసేటప్పుడు మాట్లాడినట్టుంది.

“అన్నయ్యా” అంది కూతురు.

అబ్బాయి తల వంచుకున్నాడు. అతని తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “నాకు ముందే తెలిస్తే గుమ్మం దాటనిచ్చేదాన్నా వదినా? పిచ్చివెధవ, ఇంటిపేరు అడగాలని కూడా తోచలేదు వీడికి.” వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయి వంటింటి దాకా వచ్చి, “వస్తాను పిన్నీ” అన్నాడు. వస్తూ అత్తయ్యా అని పిలిచినవాడు, పోతూ పిన్నీ అని వెళ్ళాడు. ఆమె చేతిలో బిస్కట్ల పళ్ళెం అలాగే ఉంది.

ఆ తర్వాత కూతురు ఏడవలేదు. అదే చూసి తల్లికి భయమేసింది. పొద్దున్నే లేచి లాబుకు పోయేది. సాయంత్రం చొక్కా చేతుల మీద సున్నంలాంటి తెల్లటి పొడితో వచ్చేది. పెట్టింది తినేది, అడిగితే జవాబు చెప్పేది. తల్లి ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తడి దుప్పట్లు ఆరి మరలోంచి వేడివేడిగా బయటకు వస్తుంటే, చెరో అంచు పట్టుకుని మడతపెట్టాలి. ఆ రోజుల్లో ఆమె చేతిలోంచి అంచు జారిపోతూ ఉండేది. ఎదురుగా ఉన్నామె, “ఏంటమ్మా, ఆ చివర ఎవరన్నా ఉన్నారా?” అని వేళాకోళం చేసేది.

ఒకరోజు కూతురి జడ వేస్తూ తల్లి మెల్లగా అడిగింది. “అబ్బాయి ఫోను చేస్తున్నాడా?”

“చేశాడమ్మా. ‘చెల్లీ, బాగున్నావా’ అన్నాడు.” కూతురు అద్దంలో తల్లిని చూసింది. “మొదటిసారి గొంతు పట్టేసింది. రెండోసారి బాగానే వచ్చింది. నేర్చుకుంటున్నాడు.”

తల్లి చేతులు ఆగిపోయాయి. ఆమె ఆ సాయంత్రమే వదిన గదిలోకి వెళ్ళింది. “వదినా, పిల్ల ఎండిపోతోంది. అబ్బాయివాళ్ళది ఎక్కడో రేవు పట్నం, మనమెక్కడ? ఎన్ని తరాల దూరమో ఏమో... కాస్త...”

“నువ్వు బయటినుంచి వచ్చినదానివి” అంది పెద్దమ్మాయి. “నీకీ పేరు పెళ్ళితో వచ్చింది. మాకు రక్తంతో వచ్చింది. ఇది కూడా వదిలేస్తే మనం ఎవరమే? ఎవరన్నా అడిగితే ఏం చెప్పుకుంటాం?”

తల్లి గదిలోంచి వచ్చేసింది. కానీ చుట్టరికం నిజంగా దూరమైతే, పెద్దవాళ్ళెవరైనా ఆ మాట పైకి చెబితే, వదిన మెత్తబడుతుందేమోనన్న ఆశ చావలేదు. పెద్దవాళ్ళంటే ఇంక మిగిలింది ఒక్కరే. మామగారి తమ్ముడు. వృద్ధాశ్రమంలో ఉంటాడు. సెలవు రోజున ఉతికిన బట్టలు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

ఆయన మంచం మీద కూర్చుని కిటికీలోంచి కార్లు ఆపే స్థలం చూస్తున్నాడు. “రా అమ్మాయ్. నా మనవరాలు చేసిన పళ్ళు కొరకడానికి బాగానే ఉన్నాయి. ఈల మాత్రం రావట్లేదని చెప్పు. ఇక్కడ నర్సులు దిగులుపడుతున్నారు.”

ఆమె నవ్వలేకపోయింది. సంగతంతా చెప్పి, “రేవు పట్నం వాళ్ళకీ మనకీ ఎక్కడ కలుస్తుంది చిన్నమామయ్యా చుట్టరికం? చాలా దూరమేగా?” అని అడిగింది.

“చుట్టరికమా?” ఆయన ఆశ్చర్యంగా చూశాడు. “ఏం చుట్టరికం?”

“ఒకే ఇంటిపేరు కదా.”

 ఆయన గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. “మా తాతకి సొంత ఇంటిపేరు ఏదో ఉండే ఉంటుంది. ఓడ దిగాక అది ఎవరికీ అక్కర్లేకపోయింది. తోటలో కూలీల్ని గుంపులు చేశారు. గుంపుకో మేస్త్రీ. ఆ మేస్త్రీ పేరే గుంపంతటికీ పేరు. తిండి పెట్టినా ఆ పేరే, తన్నినా ఆ పేరే. పిల్లలు పుట్టి బడికి పోతే అక్కడా అదే చెప్పారు. కూలి ఒప్పందం గడువు తీరాక కొందరు రేవుకి పోయారు, కొందరు ఇంకో ఓడెక్కి ఇంకో దేశం పోయారు. ఈ పేరు ఎక్కడ కనబడినా ఆ గుంపులోవాడి మనవడో మునిమనవడో ఉన్నట్టు. అంతే అమ్మాయ్. అందులో రక్తం లేదు. ఆ మేస్త్రీకే పిల్లల్లేరు.”

తల్లి తెచ్చిన బట్టలు మంచం మీద పెట్టింది. “మరి... అన్నదమ్ములమని?”

“ఒక పాకలో పడుకున్నారు. ఒకడికి జ్వరమొస్తే వాడి వంతు పని ఇంకొకడు చేశాడు. నా అన్నవాడు లేని చోట అన్నదమ్ములమనుకున్నారు. ఒకరి ఆడపిల్లని ఇంకొకరు సొంత చెల్లెల్లా చూడాలనుకున్నారు. ఆడవాళ్ళు తక్కువ, మగవాళ్ళు ఎక్కువ ఉన్న చోటు అది. ఆ మాట లేకపోతే ఒకర్నొకరు పొడుచుకునేవాళ్ళు. మంచి మాటేగా? తర్వాత పుట్టినవాళ్ళు అది నిజమనుకున్నారు. నిజం కాదని చెప్పడానికి నోరెలా వస్తుంది?”

“వదినకొచ్చిన సంబంధం ఇంట్లో వద్దన్నప్పుడు మీరు అక్కడ ఉన్నారా?”

“ఉన్నాను.” ఆయన కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. “అప్పటికే మా అన్న కాదనేశాడు. పదిమంది ముందు పెద్దవాడి మాట కొట్టెయ్యాలా అనుకున్నా. టీ తాగి వచ్చేశాను.”

ఆమె ఇంకేదో అడగబోయింది. ఆయన పళ్ళ సెట్టు తీసి, మంచం పక్కనున్న గ్లాసు నీళ్ళలో వేసేశాడు. ఇంక మాట్లాడనన్నట్టు పెదవులు లోపలికి మడుచుకుని కూర్చున్నాడు.

బస్సులో ఇంటికి వస్తూ తల్లి సంతోషపడాలని చూసింది. కూతురి పెళ్ళికి అడ్డం లేదు. అసలెప్పుడూ లేదు. కానీ ఈ మాట చెప్పవలసింది ఎవరికి? తన పెళ్ళయిన కొత్తలో జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి. పురుడు పోసిన మనిషికి. చెబితే ఆమె బతుకంతా ఏమైపోతుంది? చెప్పకపోతే పిల్ల బతుకేం కాను? తను దిగవలసిన చోటు దాటి ముందుకు పోయిన సంగతి కూడా ఆమె గమనించలేదు.

ఇంట్లో పెద్దమ్మాయి తమ్ముడి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. తల్లి ఆమె ఎదురుగా నిలబడి, ఒక్క మాటా దాచకుండా చెప్పింది. పెద్దమ్మాయి కాలర్ మడత తిప్పి ఇస్త్రీ చేసింది. తర్వాత ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపింది.

“నా అప్పుడు కూడా తెలుసా ఆయనకి?”

“తెలుసు వదినా.”

“నా పక్కనే కూర్చున్నాడు ఆ రోజు. టీలో చక్కెర చాల్లేదంటే నేనే లేచి వేశాను.” పెద్దమ్మాయి గోడకానుకుని మెల్లగా కింద కూర్చుంది. “గడియారాలు బాగుచేసే ఆయన్ని చూశావుగా నువ్వు? అప్పుడొచ్చిన సంబంధం ఆయనదే. మనవాళ్ళందరూ కలిసినప్పుడల్లా అన్నయ్యా అని పిలిచాను. ఆయన పిల్లలకి నేను అత్తని. పోయినేడు ఆయన పోతే వాళ్ళావిడ నన్ను పట్టుకుని, ‘నీ అన్నయ్య వెళ్ళిపోయాడు’ అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్నయ్య పోతే ఎంత ఏడవాలో అంతే ఏడ్చాను. అంతకన్నా ఎక్కువైతే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని...”

తల్లి ఆమె చేయి పట్టుకోబోయింది. ఆ చేయి అందలేదు.

“నువ్వు చెప్పకుండా ఉండాల్సింది” అంది పెద్దమ్మాయి. కొంచెంసేపటికి మళ్ళీ, “లేదులే. ఆ ఫోనిలా ఇవ్వు. పిలవమన్నది నేను. ఆ మాట నేనే వెనక్కి తీసుకోవాలి” అంది.

ఫోను కలిసింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చేసి మాట్లాడింది. తోట, గుంపు, మేస్త్రీ... ఒక్కటీ వదల్లేదు. “మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు కారు బాబూ. ఎప్పుడూ కారు. తప్పు నాది.” డ్యూటీ దిగి అప్పుడే లోపలికి వచ్చిన డ్రైవరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన వెనక కూతురు, చేతుల మీద తెల్లటి పొడితో.

 తల్లి ఆగలేక ముందుకు వంగింది. “నేను బాబూ, అత్తయ్యని.”

“పిన్నీ...” అన్నాడు అబ్బాయి.

ఆ ఒక్క పిలుపుతోనే ఆమెకు అర్థమైపోయింది. అయినా అతను చెబుతున్నది వింటూ నిలబడింది.

“మీరు చెప్పింది నమ్ముతున్నాను పిన్నీ. కానీ ఆ రోజు నుంచి తనని చెల్లెలనుకోవడానికి ఎంత తంటాలు పడ్డానో మీకు తెలీదు. తన గురించి ఇంకోలా ఆలోచనొస్తే నా మీద నాకే అసహ్యమేసేది. అన్నం సహించేది కాదు. ఎలాగో ఆ ఆలోచన రాకుండా చేసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ తెచ్చుకోమంటే, ఆ అసహ్యం కూడా దాంతోనే వస్తుంది. దాన్ని తన మీదికి ఎలా తీసుకురాను?” అన్నాడతను. “తన తప్పేం లేదని చెప్పండి. అదొక్కటే.”

“తెలుసు” అంది కూతురు గుమ్మంలోంచి. అది అతనికి వినబడిందో లేదో తెలియదు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి కుళాయి తిప్పుకుని చేతులు కడుక్కుంది. పొడి పోయాక కూడా చాలాసేపు కడుగుతూనే ఉంది.

ఆ తర్వాత డ్రైవరు వేరే సంబంధాల మాట ఎత్తితే, “నాకు వద్దు నాన్నా. ఇంక అడక్కండి” అంది. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, ఆయన మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నాలు తిన్నాక, ఆ పిల్ల తన దిండు, దుప్పటి తీసుకుని మేనత్త గది దగ్గరికి వెళ్ళింది.

పెద్దమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ఏంటిది?”

“ఇకనుంచి నీ దగ్గరే ఉంటా అత్తా.”

“నా దగ్గర చోటు లేదు.”

“కింద పడుకుంటా.”

“కింద కూడా లేదు.”

“పెద్దదానివవుతున్నావు అత్తా. నిన్ను చూసుకోడానికి ఎవరో ఒకరు ఉండొద్దా?”

“నన్ను చూసుకోడానికి కాదే నువ్వొచ్చేది.” పెద్దమ్మాయి దిండును వెనక్కి నెట్టింది. “నాలా ఉండిపోడానికొస్తున్నావు. ఈ గదిలో ఉండిపోయింది నేనొక్కదాన్ని చాలు. పో. నీ గదికి నువ్వు పో. ఇవాళ కాకపోతే ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు... పో అంటుంటే.”

ఆమె తలుపు వేసేసింది. లోపల గడియ పడింది. ఎప్పుడు ఎవరు వచ్చినా తెరిచే ఉండే ఆ తలుపుకు గడియ ఉందన్న సంగతే ఇంట్లో అందరూ మరిచిపోయారు.

కూతురు తన గదికి వెళ్ళలేదు. దిండు ఒళ్ళో పెట్టుకుని, ఆ తలుపుకే వీపు ఆనించి కూర్చుంది. అప్పుడు మొదలైంది ఏడుపు. ఇన్నాళ్ళూ రానిదంతా ఒక్కసారిగా వచ్చింది. ఆ పిల్ల కుదుపుకు తలుపు కదులుతోంది. కాసేపటికి తల్లి ఇంకొకటి గమనించింది. పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కూడా తలుపు కదులుతూనే ఉంది. లోపలివైపు కూడా ఎవరో దానికి వీపు ఆనించి కూర్చున్నారు.

తల్లి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. తన చేయి ఒకటి పిల్ల భుజం చుట్టూ వేసింది. రెండో చేయి తలుపు చెక్క మీద ఆనించి, అలాగే ఉంచింది.