షోకేసులో పద్నాలుగో బిళ్ళ

2084 నాటికి భీమిలి ఒడ్డున కరెంటు పుట్టడానికి ఏ చక్రమూ తిరగక్కర్లేదు. నిప్పులాంటి వాయువు అయస్కాంతాల మధ్య నుంచి దూసుకుపోతే చాలు, రెండు పక్కలా ఉన్న విద్యుద్ధ్రువాలు, అంటే ఎలక్ట్రోడ్లు, కరెంటు లాక్కుంటాయి. చిక్కల్లా ఒకటే. రెండువేల డిగ్రీల దగ్గర ఏ ఎలక్ట్రోడూ గంటసేపు నిలవదు.

నిలిచేదాన్ని వెతకడం సన్యాసిరావు ఉద్యోగం. మొదట్లో పన్నెండుమంది ఉండేవారు. ఒక్కొక్కరే బదిలీ చేయించుకుని పోయారు. ఇప్పుడు క్యాంటీన్లో పదకొండు ఖాళీ కుర్చీలూ, ఆయనా. మాట్లాడ్డానికి పరీక్షలు చేసే యంత్రం కీల ఒక్కతే. అదీ జలుబు చేసినట్టు మాట్లాడేది. వచ్చిన రోజు దాని మీదున్న ప్లాస్టిక్ కవర్ ఆయన ఇంకా తియ్యలేదు మరి.

పదమూడు నమూనాలు కరిగిపోయాయి. పద్నాలుగోది లాంథనం అనే లోహం కలిపి కాల్చిన నల్లటి బిళ్ళ. దాన్ని చేసిన ల్యాబ్ మూతపడింది కాబట్టి ఇదే ఆఖరిది. ఇది నిలిస్తే ఈ పరీక్షల స్టేషన్ ఉంటుంది, మనుషులు తిరిగొస్తారు.

"మంటలో పెట్టి చూసెయ్యండి సార్," అంది కీల.

"ఎవరూ చూడకుండానా? పైనుంచి కమిటీ రానీ."

బిళ్ళని ఇంకో ప్లాస్టిక్ కవర్లో చుట్టి షోకేసులో, అతిథుల కోసం దాచిన పింగాణీ కప్పుల పక్కన పెట్టాడు. తను మాత్రం చెవి విరిగిన కప్పులో టీ తాగేవాడు. ప్రతి శుక్రవారం కవర్ విప్పి, బిళ్ళని తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ చుట్టేవాడు.

"సార్, దానికి మంటంటే భయం లేదు. తేమే పడదు."

"కవరుందిగా!"

రెండేళ్ళలో కమిటీ మూడుసార్లు వస్తానంది. మూడుసార్లూ ఆయన పన్నెండు కుర్చీలూ తుడిచాడు.

ఓ మధ్యాహ్నం డైరెక్టరమ్మ తెరమీద కనిపించింది.

"మేం రావడం కుదరదండీ సన్యాసిరావుగారూ. సాయంత్రం అయిదులోగా ఏదైనా గంటసేపు నిలిచిందని చూపించండి. లేదంటే మూసేద్దాం. ఒక్కటైనా లేదా?"

"ఉందండీ! భద్రంగా దాచాను!"

పరుగున వెళ్ళి కవర్ విప్పాడు. బిళ్ళ లేదు. గుప్పెడు బూడిదరంగు పొడి ఉంది.

"నిలిచేదేనంటావా, కీలా?"

"గంటేంటి సార్, లెక్క ప్రకారం నెల నిలిచేది."

ఆయన షోకేసు తలుపు మూశాడు. తర్వాత వెళ్ళి కీల మీద కవర్ తీసేశాడు.

"ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు సార్?"

ఆ గొంతు ఎంత తేటగా ఉందంటే, గదిలోకి ఎవరో వచ్చారనుకుని ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

అయిదవడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. షోకేసులోంచి కొత్త కప్పులు రెండు తీశాడు. కీల మీంచి తీసిన కవర్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి, పనికొస్తుందని జేబులో దాచుకున్నాడు.